మూడు మడతలు, ఎనిమిది పొరలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆమె పుట్టింది ప్రాణహిత నదికి ఈవలి ఒడ్డున, తెలంగాణలో. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివారు. లెక్కల్లో తరగతి మొత్తానికి మొదటి ముగ్గురిలో ఉండేవారు. పదహారేళ్ల క్రితం పెళ్లయి ఆవలి ఒడ్డుకు వెళ్లారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే బడి, బ్యాంకు, కచేరీ అన్నీ మరాఠీ. భర్త సరుకుల వ్యాను నడుపుతారు. ఆమె ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, బడి యూనిఫాంలు కుడతారు. కొడుకు ఎనిమిది, కూతురు ఐదు చదువుతున్నారు. ఇద్దరిదీ మరాఠీ మాధ్యమమే.

కొడుకుకు ఈమధ్య ఘాతాంకాల పాఠం చెప్పారు, అంటే 2³లో పైన ఉన్న 3 లాంటి చిన్న అంకెల లెక్కలు. పరీక్షలో ఇరవైకి నాలుగు మార్కులు వచ్చాయి. నియమాలు 'పాఠ్ కర్', అంటే కంఠస్థం చెయ్యి అని ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో రాశారు. పిల్లవాడు వారం రోజులు కూర్చుని నియమాలన్నీ వల్లె వేశాడు. మళ్లీ పరీక్ష పెడితే ఐదు వచ్చాయి. ఆ రాత్రి చేతిలో కత్తెర పెట్టుకుని, మరునాటికి ఇవ్వాల్సిన బట్టల మధ్య కూర్చుని ఉన్న ఆ తల్లి, నోటుపుస్తకం చూసి "ఇంత మొద్దువేమిరా" అన్నారు. వాడు ఏడవలేదు. "నీ లెక్కలు తెలుగువి, నావి మరాఠీవి. నీకు తెలియదు" అని పుస్తకం లాక్కుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నెల రోజులుగా ఆమెకు పుస్తకం చూపించడం లేదు.

భర్త ఒక నిర్ణయానికి వచ్చేశారు. వచ్చే జూన్‌లో పిల్లవాణ్ని మంచిర్యాలలో వాడి మేనమామ ఇంట్లో ఉంచి అక్కడి ఇంగ్లీషు మాధ్యమం బడిలో వేస్తారట. ఆమెకు ఆ ఆలోచన నచ్చలేదు, కాని కాదనడానికి కారణం చూపలేకపోతున్నారు. "తప్పు భాషదా, బడిదా, వాడి బుర్రదా, నాదా? నేను వాడికి చెప్పగలనా, చెప్పకూడదా?" అని అడిగారు. ఉత్తరం చివర, వాడు చూడకుండా పుస్తకంలోంచి ఎక్కించుకున్న ఆరు తప్పు జవాబులు రాశారు: 2³ = 6. 3² × 3⁴ = 9⁶. 5⁰ = 0. 2⁻³ = −8. 2³ + 2⁴ = 2⁷. ఇక ఆరోది, 9 మీద ఘాతాంకంగా 1/2 ఉంటే వాడు నాలుగున్నర అని రాశాడు. "ఈ ఆరోదానికి సరైన జవాబు నాకూ తెలియదు" అని కింద చిన్న అక్షరాలతో ఒప్పుకున్నారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచినవి ఆ ఆరు జవాబులే. మీరు వాటిని వాడి మందబుద్ధికి సాక్ష్యంగా పంపారు. నేను ముప్పై ఏళ్లు ఇదే వయసు పిల్లలకు లెక్కలు చెప్పాను, నాకు అవి వేరేగా కనిపించాయి. ఒకసారి నాతో పాటు చూడండి.

మొదటి జవాబులో వాడు 2³ను 6 అన్నాడు. నాలుగో జవాబులో 2⁻³ను −8 అన్నాడు. ఆ 8 ఎక్కడి నుంచి వచ్చింది? రెండును మూడుసార్లు గుణిస్తే ఎనిమిది అని తెలియకపోతే −8 రాయలేడు. అంటే 2³ ఎంతో వాడికి తెలుసు. మొదటి లెక్కలో తొందరపడ్డాడు, అంతే. రెండు, మూడు పక్కపక్కన కనబడగానే నాలుక ఎక్కంలోకి జారింది. మనకు 'రెండు మూళ్లు ఆరు', వాడికి బడిలో 'బే త్రిక్ సహా'. చిన్నప్పటి నుంచి పాడిన పాట అది, కంటికంటే ముందు పరుగెత్తుతుంది.

రెండో జవాబు చూడండి. 3² × 3⁴ దగ్గర రెండును నాలుగును కలిపి ఆరు చేశాడు. అది సరైనదే. కాని అడుగున ఉన్న మూడును మూడుతో గుణించి తొమ్మిది చేశాడు. ఐదో జవాబులో 2³ + 2⁴ దగ్గర కూడా మూడును నాలుగును కలిపి ఏడు చేశాడు. నియమం గుర్తుంది, దాన్ని ఎక్కడ వాడాలో తెలియలేదు. మధ్యలో ఉన్నది గుణకారం గుర్తా, కూడిక గుర్తా అని చూడలేదు. మీవాడికి జ్ఞాపకశక్తి తక్కువ అని ఈ జవాబులు చెప్పడం లేదు. జ్ఞాపకం ఒక్కటే వాడి చేతిలో ఉంది, దానికి ఆధారంగా నిలిచే బొమ్మ మనసులో లేదని చెబుతున్నాయి. అందుకే వారం రోజులు వల్లె వేసినా నాలుగు ఐదైంది. ఇంకో నెల వల్లె వేయిస్తే ఆ ఐదు మూడు కావచ్చు కూడా, ఎందుకంటే కలగాపులగం కావడానికి మరిన్ని నియమాలు ఉంటాయి.

ఇక ఆ బొమ్మ సంగతి. అది మీ ఇంట్లోనే ఉందమ్మా, మీ చేతుల్లోనే ఉంది. ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు అదే మనసులో మెదిలింది.

మీరు జాకెట్టు కత్తిరించేటప్పుడు గుడ్డను మధ్యకు మడుస్తారు, రెండు పొరలు. ఇంకోసారి మడుస్తారు, నాలుగు పొరలు. ఒక్క కత్తిరింపుకు నాలుగు ముక్కలు వస్తాయి. ఇది మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడోసారి మడిస్తే? ఆరు రావు, ఎనిమిది వస్తాయి. ఎందుకంటే మూడో మడత రెండు పొరలను కొత్తగా చేర్చదు, అప్పటికే ఉన్న నాలుగింటినీ రెట్టింపు చేస్తుంది. 2³ అంటే ఇదే. కింద ఉన్న 2 ఒక్కో మడత ఎన్ని రెట్లు చేస్తుందో చెబుతుంది. పైన ఉన్న చిన్న 3 ఎన్నిసార్లు మడిచామో లెక్కపెడుతుంది. ఘాతాంకం చేసే పని లెక్కపెట్టడమే. ఈ ఒక్క ముక్క వాడి మనసుకు ఎక్కితే మిగతా నియమాలన్నీ వాటంతట అవే వస్తాయి.

పలచని పాత చీర ముక్కో, వార్తాపత్రిక కాగితమో తీసుకోండి. రెండుసార్లు మడవండి, ఆగండి. మళ్లీ మూడుసార్లు మడవండి. మొత్తం ఐదు మడతలు, 32 పొరలు. 2² × 2³ = 2⁵. ఘాతాంకాలను ఎందుకు కలుపుతామంటే మడతలను లెక్కపెడుతున్నాం కనుక. అడుగున ఉన్న 2 నాలుగు కాలేదు, ఎందుకంటే మడిచే పద్ధతి మారలేదు, ప్రతిసారీ సగానికే మడిచాం. మీవాడు 3² × 3⁴ దగ్గర మూడును తొమ్మిది చేశాడు కదా, అంటే మూడు పొరలుగా మడిచే మనిషి ఉన్నట్టుండి తొమ్మిది పొరలుగా మడవడం మొదలుపెట్టాడన్నమాట. అంకెల్లో కూడా చూపించవచ్చు: 9 × 81 = 729, అదే 3⁶. వాడు రాసిన 9⁶ అయితే 5,31,441. ఈ రెండింటినీ పక్కపక్కన రాసి వాడి చేతికివ్వండి.

కూడిక సంగతి ఇంకా తేలిక. ఒక గుడ్డను మూడు మడతలు వేసి బల్ల మీద ఈ పక్కన పెట్టండి, ఎనిమిది పొరలు. ఇంకో గుడ్డను నాలుగు మడతలు వేసి ఆ పక్కన పెట్టండి, పదహారు పొరలు. మొత్తం ఇరవై నాలుగు. 2⁷ కావాలంటే ఒకే గుడ్డను ఏడుసార్లు మడవాలి, అప్పుడు 128. బల్ల మీద రెండు గుడ్డలున్నాయి, వాటిని పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఒకదాని మడతలు రెండోదానికి రావు. అందుకే కూడిక దగ్గర ఘాతాంకాల నియమం ఏదీ పనిచేయదు. విడివిడిగా విలువ కట్టి కలుపుకోవాల్సిందే.

సున్నా. 5⁰ = 0 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ సగానికి తక్కువ ఉండరని నా అనుభవం. వాళ్లను తప్పు పట్టలేం, పైన సున్నా కనిపిస్తుంటే లోపల కూడా సున్నానే అనిపిస్తుంది. మీరు మాత్రం ఒక ప్రశ్న అడగండి. అసలు మడవని గుడ్డకు ఎన్ని పొరలు? ఒకటి. గుడ్డ మాయమైపోదు కదా. సున్నా మడతలు, ఒక పొర. సగానికి మడిచే వాడికైనా, ఐదు పొరలుగా మడిచే వాడికైనా, ఇంకా మడత మొదలుపెట్టకపోతే ఒకటే పొర. 2⁰ = 1, 5⁰ = 1. ఇది ఎవరో పండితుడు పెట్టిన కట్టుబాటు అనుకుని పిల్లలు భయపడతారు, కాని ఎనిమిది పొరల గుడ్డను ఒక్కో మడతా విప్పుకుంటూ వెళ్తే 8, 4, 2 తర్వాత వచ్చేది 1 కాక మరేమిటి?

ఋణ ఘాతాంకం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగమంటాను. తెలుగులోనూ మరాఠీలోనూ మాట ఒకటే, ఋణం. మామూలు మాటల్లో అప్పు అని అర్థం. ఆ మాట చెవిన పడగానే మీవాడు జవాబును అప్పుల్లోకి తోసి −8 చేశాడు. గుడ్డ దగ్గర చూడండి. మీటరు పన్నా ఉన్న గుడ్డను ఒకే దిక్కున మడుస్తూ వెళ్తే పొరలు 2, 4, 8 అవుతుంటాయి, పన్నా 50 సెంటీమీటర్లు, 25, పన్నెండున్నర అవుతుంటుంది. పొరలు ఎంత పెరిగాయో వెడల్పు అంత తగ్గింది. మూడు మడతల తర్వాత పొరలు 8 రెట్లు, వెడల్పు 8వ వంతు. ఆ ఎనిమిదో వంతునే 2⁻³ అని రాస్తాం. అది అప్పు కాదు, చిన్నదైన వెడల్పు. ఎంత మడిచినా వెడల్పు సున్నాకంటే తక్కువకు పోదు. ఎనిమిది పొరలను ఎనిమిదో వంతు వెడల్పుతో గుణిస్తే మొదటి గుడ్డ మళ్లీ వచ్చేస్తుంది: 2³ × 2⁻³ = 2⁰ = 1. మూడు, ఋణ మూడు కలిసి సున్నా, సున్నాకు ఒకటి. మూడు వేరు వేరు నియమాలుగా వల్లె వేసినవి ఒక గుడ్డ ముక్కలో కలిసిపోయాయి చూశారా! నాకు ఈ వయసులో కూడా దీన్ని చూస్తే సంతోషం కలుగుతుంది.

ఒక్క చోట మాత్రం గుడ్డ సాయపడదు. −3², (−3)² అనే రెండు లెక్కలు వాడి పుస్తకంలో తప్పక ఉంటాయి. మొదటిది −9, రెండోది 9. ఘాతాంకం తనను ఆనుకుని ఉన్నదానికే చెందుతుంది. కుండలీకరణం వేస్తే లోపలిదంతా దాని కింద ఉంటుంది, వేయకపోతే ఋణం గుర్తు బయటే ఉండిపోతుంది. బీజగణితంలో కూడా ఇదే వస్తుంది. ఒక తెలియని సంఖ్యను 'క' అనుకుంటే 2క³లో ఘనమయ్యేది 'క' ఒక్కటే. (2క)³ అయితే రెండు కూడా ఘనమై 8క³ అవుతుంది. ఇది అర్థం చేసుకోవడం కంటే అలవాటు చేసుకోవడమే ఎక్కువ. పది లెక్కలు చేయిస్తే వస్తుంది.

ఇప్పుడు "నీ లెక్కలు తెలుగువి" అన్న మాటకు వస్తాను. మీకు అది ముల్లులా గుచ్చుకుందని ఉత్తరంలోనే కనబడుతోంది. నిజానికి గణితంలో మీ రెండు భాషలూ అక్కాచెల్లెళ్లు. మీరు ఘాతాంకం అంటే వాడు ఘాతాంక్ అంటాడు. వర్గం, ఘనం వాడికి వర్గ, ఘన. వర్గమూలం, వర్గమూళ్. తేడా పడేది అడుగున ఉన్న సంఖ్య దగ్గర. మీరు చదివిన పుస్తకంలో అది భూమి, వాడి పుస్తకంలో పాయా, అంటే పునాది. మీ ఇద్దరి మధ్య ఉన్న గోడ ఎత్తు అంతే. కాగితం మీద 2³ నదికి ఏ ఒడ్డునైనా 2³ లాగే ఉంటుంది.

ఘాతం అనే మాట వింటే పిల్లలకు దెబ్బో ద్రోహమో గుర్తొస్తుంది. పాత సంస్కృత గణితంలో ఘాతం అంటే గుణకారమే, గుణిస్తే వచ్చే లబ్ధమే. భాస్కరాచార్యుల కాలం నాటి గణితంలో నాలుగో ఘాతాన్ని వర్గవర్గం అని, ఐదోదాన్ని వర్గఘనఘాతం అని పిలిచేవారు. వర్గాన్ని ఘనంతో గుణించమని ఆ పేరులోనే ఉంది, రెండు, మూడు కలిపి ఐదు. ఘాతాంకాలు కూడే నియమం ఆ మాటలోనే దాగి ఉంది. పైన చిన్న అంకె వేసే ఇప్పటి పద్ధతి 1637లో ఫ్రాన్సుకు చెందిన దెకార్త్ పుస్తకంతో స్థిరపడింది. కాబట్టి ఘాతాంకం అంటే గుణకారాలను లెక్కపెట్టే అంకె అని మీరు తెలుగులో చెప్పినా, వాడు మరాఠీలో విన్నా అదే మాట. ఈ కథ కూడా వాడికి చెప్పండి. అమ్మ భాషలోని మాటకు, బడి భాషలోని మాటకు ఒకే తల్లి అని తెలిస్తే వాడి మనసులో ఏదో ఒకటి మెత్తబడుతుంది.

భాష అసలు అడ్డే కాదని మాత్రం అనను. ఎక్కాలు, సంఖ్యల పేర్లు వాడికి మరాఠీలోనే చటుక్కున వస్తాయి. 64ను మీరు అరవై నాలుగు అంటే వాడు లోపల చౌసష్ట్‌గా మార్చుకోవాలి, అక్కడ ఒక క్షణం పోతుంది. అందుకని సంఖ్యలను నోటితో చెప్పకుండా రాసి చూపించండి. వాడు మరాఠీలో లెక్కపెడితే పెట్టనివ్వండి, సరిదిద్దకండి.

మీవారి ఆలోచన సంగతి. మంచిర్యాల పంపడం తప్పని నేను అనను. మేనమామ ఇల్లు, పెద్ద ఊరు, ముందు ముందు కాలేజీలు దగ్గర. ఆయన కొడుకు మేలు కోరే ఆ మాట అన్నారు. కాని ఘాతాంకాలు రాలేదని పంపితే ఏం జరుగుతుందో ఆలోచించండి. వాడు తెలుగు మాట్లాడతాడు గాని చదవడం, రాయడం రాదు. ఇంగ్లీషు మాధ్యమంలో వేస్తే పాయా, భూమి రెండూ పోయి మూడో పేరు వస్తుంది. అక్కడి తొమ్మిదో తరగతి పుస్తకంలోనూ ఘాతాంకాలు ఎదురు చూస్తూనే ఉంటాయి. అర్థం కానిది సంచిలో పెట్టుకుని నది దాటినట్టవుతుంది. అంతకంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. 'లెక్కలు రాక నన్ను ఇంటి నుంచి పంపేశారు' అని వాడు అనుకుంటే ఆ మాట పదేళ్లు వాడి వెంట ఉంటుంది. పంపాలనే నిశ్చయిస్తే పదో తరగతి ఇప్పటి బడిలోనే ముగించి ఒక ప్రభుత్వ పరీక్ష గట్టెక్కిన తర్వాత పంపడం ఒక దారి. వచ్చే జూన్‌లోనే పంపేటట్లయితే ఈ లోపు ఈ పాఠం వాడికి చేతికి వచ్చేలా చూసి, ఓడిపోయిన పిల్లవాడిలా కాకుండా పంపడం ఇంకో దారి. ఈ రెండోది కష్టమే, ఆరేడు నెలల పని, కాని అసాధ్యం కాదు. మీవారితో ఈ మాట చెప్పి చూడండి. 'వద్దు' అనడానికి కారణం దొరకలేదన్నారు. 'ఎప్పుడు, ఏ కారణం చెప్పి' అని అడగడానికి ఇప్పుడు దొరికింది.

ట్యూషన్ పెట్టిద్దామా అని కూడా మీరు ఒక వాక్యంలో అడిగారు. చెప్పే మనిషిని బట్టి ఉంటుంది. మళ్లీ నియమాల పట్టిక రాయించి వంద లెక్కలు చేయించే చోటైతే మార్కులు కొద్దిగా పెరగవచ్చు, వచ్చే ఏడు అదే గుంటలో పడతాడు. ఒక రోజు వెళ్లి వెనక కూర్చుని చూడండి. పిల్లవాడు తప్పు చేస్తే ఆ మాస్టారు "ఇలా ఎందుకు చేశావు" అని అడుగుతారా, "ఇది కాదు" అని కొట్టేస్తారా? అది చూస్తే చాలు. బడి ఉపాధ్యాయుణ్ని కలవడం మాత్రం ఏ దారి పట్టినా మంచిదే. ఫిర్యాదుగా వద్దు. ఈ ఆరు జవాబులూ రాసుకెళ్లి, వాడి ఆలోచన ఎక్కడ తప్పుతోందో మీకు ఇలా అనిపించిందని చెప్పండి. ఎర్ర సిరాతో రాసిన ఆ రెండు మాటలు నేను కూడా నా మొదటి పదేళ్లలో ఎన్ని పుస్తకాల మీద రాశానో. అది పిల్లల మీద కోపం కాదమ్మా, యాభై పుస్తకాలు దిద్దుతూ వేరే దారి తోచకపోవడం.

మీరే చెప్పడం. చెప్పగలరు, అందులో నాకు సందేహం లేదు. అయితే చెప్పేది మీరు కాకుండా వాడైతే మేలు. నెల రోజులుగా పుస్తకం దాచుకున్న పిల్లవాడి ముందు అమ్మ టీచరులా కూర్చుంటే వాడు ఇంకా బిగుసుకుంటాడు. ముందు ఆ 'మొద్దు' మాటను వెనక్కి తీసుకోండి. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. "ఆ రోజు పని ఒత్తిడిలో అన్నాను, అది తప్పు, నీ తప్పులు చూస్తే నువ్వు ఆలోచిస్తున్నావని తెలిసింది" అని ఒకసారి నేరుగా చెప్పండి. వాడు ఏమీ అనకపోవచ్చు. బదులు కోసం చూడకండి.

తర్వాత ఒక సాయంత్రం కత్తిరింపుకు కూర్చున్నప్పుడు సాయానికి పిలవండి. "ఈ గుడ్డ మూడు మడతలు వేసి కోస్తే ఎన్ని ముక్కలొస్తాయో చెప్పు, నేను పాత గుడ్డ మీద చూస్తాను" అనండి. పాఠం పేరు ఎత్తకండి. వాడు ఆరు అన్నా సరే, కత్తెర వేసి లెక్కపెట్టనివ్వండి. ఒక్క జాగ్రత్త తీసుకోండి, ముక్కలు విడిగా రావాలంటే మడత అంచులు కత్తిరించేయాలి, లేకపోతే జంటలుగా అతుక్కుని ఉంటాయి. మీకు తెలుసు, వాడికి తెలియదు. ఐదో తరగతి చెల్లెల్ని కూడా కూర్చోబెట్టండి, వాడు ఆమెకు చెప్పడం మొదలుపెడతాడు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మీ పని నలిగిపోతుందని, కొన్ని రోజులు విసుగు వస్తుందని ముందే అనుకోండి. విసుగొచ్చిన రోజు మానేయండి, తిట్టి చెప్పడం కంటే మానేయడం నయం.

పెద్ద సంఖ్యలకు కూడా మీ ఊరు చాలు. నూరు లక్షలు కోటి అని మీకూ తెలుసు, వాడికీ తెలుసు. నూరుకు రెండు సున్నాలు, లక్షకు ఐదు, కోటికి ఏడు. 10² × 10⁵ = 10⁷. వేసవిలో మీ వైపు తునికాకు కట్టకు 70 ఆకులు, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. డెబ్బై వేల ఆకులు, అంటే 7 × 10⁴. ఈవలి ఒడ్డున కట్టకు 50 ఆకులే, కాబట్టి 5 × 10⁴. సైన్సు పుస్తకంలో కాంతి వేగం సెకనుకు 3 × 10⁸ మీటర్లు అని చదివినప్పుడు వాడికి అది కొత్తగా ఉండదు.

ఏమీ చేయకుండా, వాడంతట వాడే నేర్చుకుంటాడని వదిలేయడం కూడా ఒక దారే, చాలామంది పిల్లలు అలాగే పెద్దవాళ్లయ్యారు. కాని వాడి ఎనిమిదో తరగతి పుస్తకంలోనే ముందు 'చక్రవాఢ్ వ్యాజ్' పాఠం ఉంది, మన చక్రవడ్డీ. అది ఘాతాంకమే. పది వేల రూపాయలు ఏడాదికి నూటికి పది చొప్పున మూడేళ్లకు మామూలు వడ్డీతో 13,000, చక్రవడ్డీతో 10,000 × (1.1)³ = 13,310. మీ బచత్ గట్‌లోలా, అంటే పొదుపు సంఘంలోలా, నెలకు నూటికి రెండు రూపాయలు అనుకుంటే, వడ్డీ కట్టకుండా ఏడాది వదిలేస్తే 12,400 కాదు, 12,682 దాకా అవుతుంది. ఆ పాఠం వచ్చేలోపు ఈ పునాది పడితే బాగుంటుంది. లేకపోతే అక్కడ కూడా సూత్రం వల్లె వేయాల్సి వస్తుంది.

చివరగా మీకే తెలియదన్న ఆ ఆరో లెక్క. అది తెలియకపోవడం మీ అదృష్టం అనుకోండి, ఎందుకంటే వాడూ మీరూ కలిసి నేర్చుకునేది ఒకటి మిగిలింది. గుడ్డను మూడు పొరలుగా మడవండి. దాన్నే ఇంకోసారి మూడు పొరలుగా మడవండి. తొమ్మిది పొరలు. తొమ్మిది పొరలు చేసే పనిలో సగం పని ఎంత? ఒక్కసారి మడవడం. అప్పుడు ఎన్ని పొరలున్నాయి? మూడు. 9 మీద 1/2 ఘాతాంకం అంటే 3. మీవాడు తొమ్మిదిని రెండుతో భాగించి నాలుగున్నర అన్నాడు. నాలుగున్నర రెట్లు చేసే పని రెండుసార్లు చేస్తే ఇరవై పైచిలుకు అవుతుంది, తొమ్మిది కాదు. సగం చేయాల్సింది పనిని, పొరలను కాదు. ఇది తెలుగులో మీరు చదివిన వర్గమూలమే, పేరు మారింది.

ఆ పేజీలోనే 8 మీద 2/3 ఘాతాంకంగా ఉన్న లెక్క కూడా ఉండవచ్చు. ఎనిమిది పొరలకు ఎన్ని మడతలు వేస్తారో, అందులో మూడింట రెండు వంతులు ఎన్నో మీకు ఇప్పుడు తెలుస్తుంది. వాడికి చెప్పకండి. గుడ్డ చేతికిచ్చి, మీ పని మీరు చేసుకుంటూ ఉండండి.